తప్పు మనిషే సరైన రాయబారి

వాషింగ్టన్‌కు భారత రాయబారిగా ఎవరిని పంపాలన్న విషయంలో మన ప్రభుత్వాలు ఏ సూత్రాన్ని పాటిస్తాయో విదేశాంగ శాఖ ఎన్నడూ బయటపెట్టలేదు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నవారి జాబితాను ఓపికగా చదివితే సూత్రం దానంతట అదే తేటతెల్లమవుతుంది. రాయబారి అక్కడికి వెళ్ళి ఏ మాట చెప్పవలసి ఉందో నిర్ణయించుకుని, ఆ మాటకు సరిగ్గా అడ్డం తిరిగిన గతం ఎవరికి ఉందో వెతికి పట్టుకుని, వారినే విమానం ఎక్కించాలి. అజ్ఞానులు దీనిని పొరపాటు అంటారు. ఎనభై ఏళ్ళపాటు ఇంత నిష్ఠగా సాగినదాన్ని సంప్రదాయమనడమే మర్యాద.

దీనికి పునాది బ్రిటిష్ హయాములోనే పడింది. 1941లో గిరిజాశంకర్ బాజ్‌పాయ్ ఏజెంట్ జనరల్ హోదాలో వాషింగ్టన్ చేరారు. క్విట్ ఇండియా రోజుల్లో కాంగ్రెస్ నాయకులు కటకటాల వెనుక ఉండగా, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తరఫున అమెరికన్లకు నచ్చజెప్పే పని ఆయనది. స్వాతంత్ర్యం రాగానే, అవే కటకటాల వెనుక నుంచి వచ్చిన నెహ్రూ విదేశాంగ శాఖ సెక్రటరీ జనరల్ పదవిని పిలిచి మరీ ఆయనకే ఇచ్చారు. ఆయన కుమారుడు కె. శంకర్ బాజ్‌పాయ్ 1984లో తండ్రి పనిచేసిన ఊరికే రాయబారిగా వెళ్ళారు కాబట్టి, ఈ సంప్రదాయంలో వారసత్వానికి కూడా తగిన చోటు ఉందని గ్రహించాలి.

రాయబారి అనిపించుకున్న మొదటి వ్యక్తి అసఫ్ అలీ. అసెంబ్లీ బాంబు కేసులో భగత్‌సింగ్ సహచరుడు బటుకేశ్వర్ దత్ తరఫున వాదించిన ఈ న్యాయవాది 1947 ఫిబ్రవరిలో, ఢిల్లీలో వైస్రాయ్ ఇంకా కొలువు తీరి ఉండగానే, భారత రాయబారిగా అమెరికా చేరారు. దేశం రావడానికి ఆరు నెలల ముందే దాని రాయబారి వచ్చేశాడన్నమాట. మన ప్రభుత్వ కార్యాలయాల చరిత్రలో ఒక పని గడువుకు ముందే పూర్తయిన ఉదంతంగా దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

తరువాత కొంతకాలానికి ప్రధాని సోదరి విజయలక్ష్మీ పండిట్ వచ్చారు. ఆమె అంతకుముందు పనిచేసిన మాస్కోలో స్టాలిన్ ఒక్కసారి కూడా దర్శనమివ్వలేదు. అలీన విధానం అంటే ఏమిటో వాషింగ్టన్‌కు ఓపికగా బోధించే బాధ్యతతో పాటు, అదే వాషింగ్టన్‌ను గోధుమలు అడిగే బాధ్యత కూడా ఆమె భుజాల మీదే పడింది. అమెరికన్ కాంగ్రెసు నెలల తరబడి చర్చించి, సణిగి, చివరకు 1951లో పందొమ్మిది కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఒక చేత్తో ఉపదేశం, మరో చేత్తో జోలె పట్టుకుని నిలబడే ఈ భంగిమ ఆ తరువాతి వారందరికీ అభ్యాసమైపోయింది.

ఆ అభ్యాసం పరాకాష్ఠకు చేరింది 1962లో, చైనాతో యుద్ధం వేళ. అప్పటి రాయబారి బి.కె. నెహ్రూ, ప్రధానికి కొడుకు వరస. నవంబరు 19న ప్రధాని కెనడీకి రాసిన లేఖల్లో, శబ్దవేగాన్ని మించిన యుద్ధవిమానాలు కనీసం పన్నెండు స్క్వాడ్రన్లు కావాలని, వాటిని అమెరికన్లే నడపాలని ఉంది. ఏ కూటమిలోనూ చేరబోమని పదిహేనేళ్ళుగా ప్రపంచానికి చాటిన దేశం తరఫున ఆ ఉత్తరాలు వైట్ హౌస్‌కు చేరవేయవలసినవాడు రాయబారే. రెండు రోజులు తిరగకుండానే చైనా తనంతట తానే కాల్పులు విరమించడంతో అలీన విధానం ఎప్పటిలాగే చెక్కుచెదరకుండా నిలబడింది.

ఎం.సి. చాగ్లా సంగతి వేరు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పీఠం నుంచి నేరుగా 1958లో వాషింగ్టన్ వెళ్ళిన ఆయనకు క్యూబా బాధ్యత కూడా అప్పగించారు. మరుసటి ఏడాది హవానాలో క్యాస్ట్రో గద్దెనెక్కాడు. ఇరు పక్షాల వాదనలూ వినే అలవాటున్న న్యాయమూర్తికి ఇంతకంటే తగిన నియామకం ఉండదు.

మన ప్రాంతానికి కూడా ఈ జాబితాలో న్యాయం జరిగింది. 1968లో వెళ్ళిన నవాబ్ అలీ యావర్ జంగ్ హైదరాబాదువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవారు. భారతదేశంలో కలవనని మొరాయించిన నిజాం ప్రభుత్వంలో ఒకప్పుడు పదవి నిర్వహించిన వ్యక్తే ఆ భారతదేశానికి ప్రతినిధి కావడం మన సూత్రానికి ఎంత చక్కగా అతుకుతుందో చెప్పనక్కరలేదు.

అసలు స్వర్ణయుగం మాత్రం డెబ్భైల నాటిది. 1971లో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరినప్పుడు విదేశాంగ కార్యదర్శి టి.ఎన్. కౌల్; అంతకుముందు మాస్కోలో రాయబారి కూడా. ఆ ఏడాది డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధం వేళ, బంగాళాఖాతానికి ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను తోలిన నిక్సన్ మనసు కరిగించడానికి, 1973లో ఏరి కోరి పంపినది ఆయన్నే. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రజాస్వామ్యాన్ని కాపాడడానికే దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టామని అమెరికన్లకు వివరించే భాగ్యం కూడా కౌల్‌కే దక్కింది.

1977లో జనతా ప్రభుత్వం వచ్చి నానీ పాల్కీవాలాను పంపింది. ఎమర్జెన్సీ ప్రకటించగానే ఇందిరాగాంధీ కేసు వాదించనని ఫైలు తిరిగి ఇచ్చేసిన మనిషి కాబట్టి, ఇక్కడితో సూత్రం తప్పిందని పాఠకులు అనుకోవచ్చు. తొందరపడకూడదు. టాటాల తరఫు న్యాయవాది, స్వేచ్ఛా వ్యాపారానికి దేశంలోకెల్లా పెద్ద గొంతుక అయిన ఆయన వాషింగ్టన్‌కు వెళ్ళిన ఏడాదే జార్జ్ ఫెర్నాండెజ్ పట్టుదలకు కోకా‌-కోలా మన దేశం విడిచి వెళ్ళిపోయింది.

ఈ వరుసలో మకుటాయమానం సిద్ధార్థ శంకర్ రాయ్. ఎమర్జెన్సీ పెట్టడానికి రాజ్యాంగంలో 352వ అధికరణం ఉందని ఇందిరాగాంధీకి చూపించినది ఆయనే. ఉగ్రవాదం ఉధృతంగా ఉన్న కాలంలో పంజాబు గవర్నరుగా కూడా చేశారు. పంజాబు, కాశ్మీరులలో మానవ హక్కుల మాటేమిటని అమెరికన్ కాంగ్రెసు సభ్యులు నిలదీస్తున్న 1992లో, ఎన్నో భాషలు నేర్చి ఏ భాషలోనూ అనవసరంగా నోరు విప్పని మన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం రాయ్‌ని రాయబారిగా పంపింది. విషయం తెలిసినవాడే సమాధానం చెప్పాలన్న న్యాయం ఇందులో ఉంది.

రాయబారికి జరిగే మర్యాదల చరిత్ర కూడా చిన్నది కాదు. 1955లో హ్యూస్టన్ విమానాశ్రయంలో భోజనానికి కూర్చున్న జి.ఎల్. మెహతాను, ఆయన కార్యదర్శిని నల్లజాతివారని పొరబడి వేరే గదిలోకి వెళ్ళమన్నారు. విదేశాంగ మంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పారు. నిజంగా నల్లజాతివారే అయిన తమ పౌరులకు చెప్పవలసిన క్షమాపణ ఊసు ఆ సందర్భంలో రాలేదు. 2010 డిసెంబరులో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో మీరా శంకర్‌ను, రాయబారినని పత్రాలు చూపించినా వినకుండా, పక్కకు పిలిచి ఒళ్ళు తడిమి సోదా చేశారు. చీర కట్టుకున్నందుకే పిలిచారని పత్రికలు రాశాయి. అంతా నిబంధనల ప్రకారమే జరిగిందని ఈసారి అమెరికన్ మంత్రి సెలవిచ్చారు. యాభై అయిదేళ్ళలో చర్మం రంగు నుంచి చీర దాకా వచ్చిన ఈ పురోగతిని ద్వైపాక్షిక సంబంధాల పరిణతి అంటారు.

స్వదేశంలో మాత్రం మర్యాద తక్కువేమీ కాదు. అణు ఒప్పందం మీద ఢిల్లీ అట్టుడుకుతున్న 2007 ఆగస్టులో, తలలేని కోళ్ళలా ఈ పరుగులేమిటని రాయబారి రొణేన్ సేన్ ఒక విలేకరితో అన్నారు. తమనే అన్నారని పార్లమెంటు సభ్యులు ఏకగ్రీవంగా గుర్తుపట్టారు. తాను అన్నది పాత్రికేయ మిత్రులనని సేన్ మనవి చేసుకుని, క్షమాపణ చెప్పి, సభాహక్కుల సంఘం ముందు హాజరయ్యారు. పాత్రికేయులకు అటువంటి సంఘం లేదు కాబట్టి ఆ వివరణతో ఎవరికీ నష్టం కలగలేదు.

ఇటీవలి కాలంలో ఈ కుర్చీ, ఢిల్లీలోని విదేశాంగ కార్యదర్శి కుర్చీ ఒకే గదిలో ఉన్నట్టు కనిపిస్తాయి. నిరుపమా రావు అక్కడి నుంచి ఇక్కడికి, జైశంకర్ ఇక్కడి నుంచి అక్కడికి, శ్రింగ్లా అదే దారిలో, క్వాత్రా మళ్ళీ ఎదురు దిశలో నడిచారు. తరణ్‌జీత్ సింగ్ సంధు ఒక్కరే దారి మార్చి 2024లో అమృత్‌సర్ నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. వాషింగ్టన్‌ను ఒప్పించడం కంటే అమృత్‌సర్‌ను ఒప్పించడం కష్టమని ఫలితాల రోజున రుజువైంది.

ఆ తరువాత కొత్త ఏర్పాటు మొదలైంది. 2025 ఏప్రిల్‌లో మన రాయబార కార్యాలయం ట్రంప్ మాజీ సలహాదారు జేసన్ మిల్లర్ సంస్థను ఏడాదికి 18 లక్షల డాలర్లకు కుదుర్చుకుంది. ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది. అదే నెలలో ఇంకో సంస్థను కూడా కుదుర్చుకున్నారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడి, విజయవాడ నుంచి వరంగల్ దాకా ఎన్నో ఇళ్ళలో ఆ రాత్రి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. విదేశీ ప్రభుత్వాల తరఫున పైరవీ చేసేవారు ఎవరికోసం, ఎంత సొమ్ముకు, ఏ పని చేశారో నమోదు చేయాలని 1938 నాటి అమెరికన్ చట్టం నిర్దేశిస్తుంది, ఆ కాగితాలు ఎవరైనా చూడవచ్చు కూడా. కాబట్టి భారత రాయబారి పని ఏమిటో ఇకమీదట మన విదేశాంగ శాఖను అడగనవసరం లేదు. అమెరికన్ న్యాయశాఖ వెబ్‌సైటులో రసీదుతో సహా దొరుకుతుంది.