కౌంటర్ వెనకాల ఇంగ్లండ్

మనిషి రోజుకు నడవగల దూరం 20 మైళ్లు. పొద్దులో మూడో వంతు సంతకు నడవడానికి, మూడో వంతు బేరసారాలకు, మిగతాది చీకటి పడేలోగా ఇల్లు చేరడానికి. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ న్యాయవేత్తలు వేసిన లెక్క ఇది. ఒక సంతకు 6⅔ మైళ్ల లోపు అదే రోజున మరో సంత పెడితే పాత సంత హక్కుదారు దాన్ని ఆపించవచ్చన్న సూత్రం ఇందులోంచే పుట్టింది. ఆ దేశపు చట్టంలో అది ఇప్పటికీ బతికే ఉంది. సంత పెట్టుకోవడానికి రాజుగారి చార్టర్ (అనుమతి పత్రం) సంపాదించిన ప్రభువుకో, మఠానికో బల్లకింత, పశువుకింత అని సుంకం ముట్టేది. మన పంచాయతీలు ఏటా వేలం వేసే సంత ఆశీళ్లూ ఆ కోవలోవే. ఆ సంతల చుట్టూ పెరిగిన పట్టణాలు అందం కోసం వెలిసినవి కావు. నడక దూరం లెక్కలో, సుంకం ఆశలో వెలిశాయి.

లడ్లో, స్కిప్టన్, థర్స్క్, హెక్సమ్, స్టామ్‌ఫర్డ్ లాంటి సంత పట్టణాల మీద ఇంగ్లిషువారికి తీరని బెంగ. బిస్కట్ డబ్బాల మీద, క్యాలెండర్ల మీద అవే వీధులు. పిల్లల దగ్గరికి బ్రిటన్ వెళ్లొచ్చే మన పెద్దలూ ఆ గుండ్రాళ్ల బజార్లలో నిలబడే ఫొటోలు దిగుతారు. ఆ బెంగ మీద మాకు చిన్నచూపేమీ లేదు. అయితే అది కొట్టు బోర్డు దగ్గరా, కిటికీ దగ్గరా ఆగిపోతోంది. లోపల ఏ పని జరిగేదో, అది ఎందుకు ఆగిందో పట్టించుకోకుండా ముంగిళ్లకు రంగులు వేయించి వీధిని బతికించామనుకుంటే డబ్బు దండగే.

కిరాణా కొట్టునే చూద్దాం. సరుకు అక్కడికి పొట్లాలుగా వచ్చేది కాదు. టీ ఆకు చెక్కపెట్టెల్లో, చక్కెర బస్తాల్లో, వెన్న పీపాల్లో, జున్ను గుడ్డ చుట్టిన పెద్ద దిమ్మల్లో దిగేది. వాటిని పావు పౌండు, అర పౌండు కింద విడగొట్టడమే కొట్టువాడి వృత్తి. వెన్నను తీగతో ముక్క కోసి, గాళ్లు పడిన రెండు చెక్క బద్దల మధ్య తట్టి ఇటుక ఆకారానికి తెచ్చేవారు. ఆ బద్దలను ముందు వేడినీళ్లలో, తర్వాత చన్నీళ్లలో నానబెట్టాలి. పొడి బద్దకు వెన్న అంటుకుని, తట్టిన ప్రతిసారీ కొంత అక్కడే మిగిలిపోతుంది. అది దుకాణదారుకు నష్టం. తడి ఎక్కువైతే నీరు వెన్నలోకి దిగి తూకం పెరుగుతుంది. అది కొనేవాడికి నష్టం. చక్కెరకు మందపాటి నీలం కాగితం వాడేవారు. జిగురు లేకుండా మడతలతోనే సంచి కట్టి, పైన పురికొసతో ముడి వేసేవారు. నీలం పక్కన చక్కెర మరింత తెల్లగా కనిపించడం అదనపు లాభం. టీ ఆకును ఆ ఊరి నీటిని బట్టి కలిపేవారు. సున్నం ఎక్కువున్న నీటిలో సున్నితమైన ఆకు రుచి పలచబడుతుంది, కాస్త ఘాటైన రకం కలపాలి. ఈ చిన్న తెలివి పొట్లాల కంపెనీలు వచ్చాక ఊరు దాటి పోయింది.

బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) కోసే యంత్రం సంగతీ అంతే. రోటర్‌డామ్‌లో 1898లో వాన్ బెర్కెల్ రూపొందించిన ఆ ఎర్రటి పెద్ద చక్రం యంత్రం ఇప్పుడు హోటళ్లలో అలంకారంగా కనిపిస్తుంది. మందానికి నంబర్లు ఉండేవి. ఏ ఇంటావిడకు ఏ నంబరో కొట్టు కుర్రాడికి కంఠస్థం. మాంసం చల్లగా, గట్టిగా ఉంటేనే ముక్క నిలుస్తుంది. వెచ్చబడితే కొవ్వు బ్లేడుకు పూసుకుపోయి ముక్క చిరుగుతుంది. కొట్టు వెనక గది చలువరాతి బండలతో, ఎండ పడని దిక్కున ఉండటానికి కారణం అదే. సంత నడిబొడ్డున కప్పు ఉండి గోడల్లేని మండపాలూ అందుకే కట్టారు. స్వాఫమ్‌లో 1783 నాటిది, బార్నార్డ్ కాజిల్‌లో 1747 నాటిది ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. రైతుల ఇళ్ల ఆడవాళ్లు తెచ్చిన వెన్న, గుడ్లు ఎండకు పాడు కాకుండా వాటి కింద అమ్మేవారు.

బట్టల కొట్లలో మరో విద్య. కౌంటర్ అంచున గజం కొలతకు ఇత్తడి గుర్తులు దిగ్గొట్టి ఉండేవి. డబ్బు మాత్రం అమ్మే మనిషి దగ్గర ఉండేది కాదు. బిల్లునూ నాణేలనూ చెక్క గిన్నెలో పెట్టి, తలపైన తీగకు వేలాడే చిన్న బండికి బిగించి, పిడి లాగితే రబ్బరు తన్నుకు అది బిగువైన తీగ వెంట దూసుకుపోయి ఎత్తున కూర్చున్న క్యాషియర్ దగ్గర ఆగేది. చిల్లర, రసీదు అదే దారిన తిరిగొచ్చేవి. తీగ వదులైనా, రబ్బరు బిగువు సడలినా బండి నడిమధ్య నిలిచిపోయేది. అప్పుడు కర్రతో నెట్టాలి. అమెరికాలోని లోవెల్‌కు చెందిన లామ్సన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ ఏర్పాటు దొంగతనాన్నీ లెక్క తప్పునూ ఒక్క దెబ్బకు కట్టడి చేసింది.

ఆ లెక్క మరీ అంత తేలికా? పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, పెన్నీకి 4 ఫార్దింగులు. రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలుగా లెక్కకట్టిన మన పెద్దలకు ఇదేమీ కొత్త కాదు. మనం 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతికి మారితే, బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15 దాకా ఆగింది. బట్టల కొట్లలో ధర పదకొండు పెన్నీల మూడు ఫార్దింగులని రాసేవారు, షిల్లింగు కన్నా తక్కువని అనిపించడానికి. తిరిగి ఇవ్వాల్సిన ఒక్క ఫార్దింగుకు బదులు గుండుసూదుల కాగితం చేతిలో పెట్టేవారు. చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చే విద్య మన కొట్లవాళ్లు కనిపెట్టిందేమీ కాదన్నమాట. ఫార్దింగు 1960 చివరితో చెల్లుబాటు కోల్పోయింది, సూదుల కాగితమూ దానితోనే పోయింది.

మందుల షాపు కిటికీలో ఎర్రని, ఆకుపచ్చని నీళ్లు నింపిన పెద్ద గాజు కూజాలే అందరికీ గుర్తు. అసలు చూడాల్సినవి గరుకు గాళ్లున్న నీలం, ఆకుపచ్చ సీసాలు. చీకట్లో తడిమినా విషం అని వేలికి తెలియడానికి చేసిన ఏర్పాటది. అలాంటి జాగ్రత్తలు చేదు అనుభవాల నుంచి వచ్చాయి. 1858లో బ్రాడ్‌ఫర్డ్ సంతలో ఒక బల్ల మీద అమ్మిన పిప్పర్‌మెంట్ బిళ్లలు తిని 20 మంది దాకా చనిపోయారు, 200 మందికి పైగా జబ్బుపడ్డారు. చక్కెర ఖరీదు తగ్గించుకోవడానికి బిళ్లల్లో తెల్ల సుద్ద పొడి కలపడం అప్పటి రివాజు. మందుల కొట్టులో కొత్త కుర్రాడు పొరపాటున పక్క పీపాలోంచి 12 పౌండ్ల ఆర్సెనిక్ తూచి ఇచ్చాడు. రెండూ తెల్లని పొడులే. కల్తీ మీద 1860 చట్టానికీ, మందుల అమ్మకం మీద 1868 చట్టానికీ ఈ దారుణం ఊతమిచ్చింది. పాత మిఠాయి జాడీల ముందు నిలబడి కరిగిపోయేవారు ఈ తేదీలను కూడా గుర్తుంచుకోవాలి.

సొరుగు ముందు నమూనా మేకు బిగించి, మేకులను తూకంతోనూ మరలను 144 లెక్కతోనూ అమ్మిన ఇనుప సామాన్ల కొట్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అయినా ఒక్క మర కావాలంటే ఒక్కటే ఇచ్చేవారు. ఇప్పుడు పాతిక మరల ప్లాస్టిక్ పొట్లం కొని ఇరవై నాలుగు పారేస్తున్నారు.

ఇంత పనీ ఒకే ఊళ్లో ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉండేదో మెల్టన్ మోబ్రే చెబుతుంది. లెస్టర్‌షైర్‌లోని ఈ ఊరి సంత 1086 నాటి డూమ్స్‌డే (రాజు చేయించిన భూముల సర్వే) లెక్కల్లోనే ఉంది. మంగళవారం పశువుల సంత నేటికీ ఊరి మధ్యకు దగ్గరలోనే జరుగుతుంది. చుట్టుపక్కల స్టిల్టన్ జున్ను చేయగా మిగిలిన నీళ్లతో పందులను పెంచారు, ఆ పందుల మాంసంతో పోర్క్ పై (పిండి గిన్నెలో మాంసం కూరి కాల్చే వంటకం) పుట్టింది. పిండిలో మరిగే నీళ్లు, పంది కొవ్వు కలిపి వెచ్చగా ఉండగానే చెక్క దిమ్మ చుట్టూ గోడలా లేపుతారు. ఆ గిన్నెను చల్లబరిచి గట్టిపడ్డాకే మాంసం నింపాలి. తొందరపడితే గోడ కూలుతుంది. మాంసం ఉప్పులో ఊరబెట్టనిది, అందుకే ఉడికాక గులాబీ రంగులో కాక బూడిద రంగులో ఉంటుంది. చుట్టూ అచ్చు పెట్టకుండా కాలుస్తారు కాబట్టి పక్కలు కాస్త ఉబ్బుతాయి. కాలిన తర్వాత పైనున్న చిల్లులోంచి ఎముకల రసం పోస్తారు. అది గడ్డకట్టి మాంసానికీ పిండి గోడకూ మధ్య గాలి లేకుండా చేస్తుంది. ఆ వంటకం ఇంకా బాగా వేడిగా ఉండగా పోస్తే రసం పిండిలోకి ఇంకి అడుగు మెత్తబడుతుంది. 2009లో ఈ పేరుకు ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది. పాత కొట్టును కాపాడటమంటే ఇలా విధానాన్ని చట్టంలో రాసుకోవడం, బోర్డు మీద బంగారు అక్షరాలు దిద్దడం కాదు.

ఇక బెంగ మరిచిపోయే సంగతులు. 1886 చట్టం 18 ఏళ్ల లోపు కుర్రాళ్ల పనిని వారానికి 74 గంటలకు పరిమితం చేసింది, అదీ తిండి వేళలు కలుపుకొని. అంతకుముందు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. వారానికి ఒక పూట సెలవు 1911 చట్టంతో వచ్చింది. ఊరిని బట్టి బుధవారమో గురువారమో మధ్యాహ్నం వీధంతా మూతపడేది, సంత రోజున మాత్రం ఎన్నడూ కాదు. 'మా వాళ్లు తరతరాలుగా ఒకే కొట్టులో కొనేవారు' అనే మాటలోనూ సగమే నిజం. 1940 జనవరి నుంచి 1954 జులై దాకా రేషన్ ఉంది. కుటుంబం తన పుస్తకాన్ని ఒక కొట్టులో నమోదు చేయించుకోవాలి. మనిషికి వారానికి 2 ఔన్సుల వెన్న, 2 ఔన్సుల టీ అయిన రోజుల్లో ఆ విశ్వాసానికి అభిమానంతో పాటు చట్టమూ కాపలా కాసింది. మరొకటి. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి తరిమేసిన భారతీయ మూలాలవారు ఎందరో బ్రిటన్‌లో మూతపడబోయే వీధి మూలల కొట్లను, పేపర్ షాపులను కొని తెల్లవారుజామున తెరిచి రాత్రి పొద్దుపోయే దాకా నడిపారు. పాత వీధి బొమ్మ గీసేవాళ్లు ఈ ముఖాలను ఎందుకో వదిలేస్తారు.

కొట్లు ఎందుకు పోయాయి? సూపర్‌మార్కెట్ అన్న జవాబు తప్పు కాదు, చాలదు. తయారీదారు చెప్పిన ధరకే అందరూ అమ్మాలన్న కట్టుబాటును 1964 చట్టం దాదాపుగా తీసేసింది. టోకున కొనే గొలుసు దుకాణం ధర తగ్గించగలిగింది, ఒంటి కొట్టు తగ్గించలేకపోయింది. మధ్యయుగాల నాడే ఊరి స్థలాలను ముందు సన్నగా, వెనక పొడవుగా కోశారు. ముందుభాగం వెడల్పు చేయాలన్న ఆత్రంతో పై అంతస్తుకు వెళ్లే మెట్లను చాలాచోట్ల కూల్చేశారు. దాంతో యజమాని మేడ మీద కాపురం ఉండటం పోయింది, అద్దెకిద్దామన్నా కొట్టులోంచి తప్ప దారి లేదు. పైన ఖాళీ గదుల్లో పావురాలు చేరతాయి, కాలువ గొట్టం మూసుకుపోయినా చూసే దిక్కుండదు, చెమ్మ దూలాల్లోకి దిగుతుంది. పాత చెక్క చట్రం గోడకు సున్నం బదులు సిమెంటు పూస్తే ఆ చెమ్మ బయటకు పోలేక చెక్క పుచ్చుతుంది. మరమ్మతుకిచ్చే ప్రభుత్వ సాయంలో మొదటి ఖర్చు మెట్ల మీద పెట్టాలి. బోర్డుల సంగతి తర్వాత చూడవచ్చు.

పన్ను సంగతి మరో ముడి. కొట్టు కిటికీ నుంచి లోపలికి మొదటి 6.1 మీటర్లకు పూర్తి విలువ, తర్వాతి 6.1కి సగం, ఆ తర్వాత పావు అని లెక్కకట్టి ఏటా పన్ను వేస్తారు. ఏడాది అద్దె విలువ 12,000 పౌండ్లు దాటని ఒకే కొట్టు ఉన్నవారికి 2017 నుంచి పూర్తి మినహాయింపు ఉంది. 15,000 దగ్గర అది పూర్తిగా ఆగిపోతుంది. సంత బజారు మీద మంచి చోట ఉన్న చిన్న కొట్టు ఈ గీత దాటితే చాలు, యజమాని నడ్డి విరుగుతుంది. పక్కనే సేవాసంస్థ నడిపే పాత బట్టల షాపుకు చట్టప్రకారం 80 శాతం తగ్గింపు. ఆ తగ్గింపును మేం తప్పుబట్టడం లేదు, ఆ గీత మీద కొట్లాడకపోవడాన్ని తప్పుబడుతున్నాం.

అన్నిటికన్నా తొందర పడాల్సిన విషయం ఒకటుంది. 2021 ఆగస్టు నుంచి చాలా రకాల దుకాణాలను పూర్తి ప్రణాళికా అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోవచ్చు. కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) అభ్యంతరం చెప్పాలంటే 56 రోజులే గడువు. మూడు నెలలు ఖాళీగా ఉండాలన్న షరతునూ, విస్తీర్ణ పరిమితినీ 2024 మార్చిలో తొలగించారు. వారసత్వ జాబితాలోని కట్టడాలకు ఇది వర్తించదు. కానీ బజారు వీధిలో చాలా కొట్లు ఆ జాబితాలో లేవు. కింది గది పడకగది అయ్యాక కిటికీకి తెర పడుతుంది, పక్క కొట్టుకు వచ్చే జనం తగ్గుతారు. దీన్ని వీధి వీధికీ నిలిపేసే అధికారం కౌన్సిళ్లకు ఉంది. వెంటనే అమలు చేస్తే యజమానులకు పరిహారం చెల్లించాల్సి రావచ్చు, ఏడాది ముందు నోటీసు ఇస్తే ఆ భారం ఉండదు. సంత చుట్టూ ఉన్న నాలుగు వీధులకు పటం గీసి, ఆ నోటీసు ఈ ఏడాదే ఇవ్వాలి.