ప్యాకెట్ మీద పట్టిక ఒక్కటే చాలదు
డాగ్ ఫుడ్ ప్యాకెట్ మీది పట్టికలో కుక్క బరువు చూసుకుని అంత కొలిచి పెడితే సరిపోతుందని, కుక్కకి ఎంత తిండి పెట్టాలో చెప్పే ఒక వ్యాసంలో రాశారు, నేను మాత్రం ఒప్పుకోను. అది మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. మేమూ రెండేళ్లు అలాగే పెట్టాం, పైగా స్కూపుతో. ఒకరోజు అనుమానమొచ్చి వంటింటి కాటా మీద తూచి చూస్తే నేను స్కూపు అంచు వరకు పోసింది 90 గ్రాములు, మా అబ్బాయి గోపురంలా నింపింది 115, రోజూ రెండు పూటలా ఇదే! 10 కిలోల కుక్కకి ఊరికే పడుకుని ఉన్నా రోజుకి 400 కేలరీల దాకా కావాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పెద్ద కుక్కకైతే మామూలుగా దాన్ని 1.6తో గుణించి 630 దగ్గర మొదలుపెడతారు, అంటే 100 గ్రాములకి 350 కేలరీలుండే డ్రై ఫుడ్ అయితే 180 గ్రాములు. లావెక్కినదానికి ఇప్పుడున్న బరువు కాదు, ఉండాల్సిన బరువుతో లెక్క వేయాలి, వ్యాసంలో ఈ మాటే లేదు. బిస్కెట్లు, మనం తింటూ పెట్టే ముక్కలు కూడా ఆ లెక్కలోవే, పదో వంతు దాటకూడదు. ఎంత లెక్క వేసినా చివరికి చూడాల్సింది కుక్కనే. పక్కటెముకల మీద చెయ్యి ఆనించి నిమిరితే గట్టిగా నొక్కకుండానే ఒక్కొక్కటీ వేళ్లకి తగలాలి, మాదానికి నొక్కి వెతికినా దొరకలేదు. అప్పట్నుంచి తూచి పెడుతూ, రెండు వారాలకోసారి బరువు చూసి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాం, ఐదు నెలలకి మళ్లీ ఆయాసం లేకుండా మెట్లెక్కుతోంది.