బొంతల బహూకరణపై ఒక అభ్యంతరం

నల్లగొండలో ఎండ 45 డిగ్రీలకు చేరడం వార్త కాదు, చేరకపోతే వార్త. చలి అని గౌరవంగా పిలవదగినది మాకు కార్తీకం వెళ్లే వేళకు వచ్చి, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది. మధ్యలో కూడా ఓ పది పదిహేను రాత్రులు మినహా అది పెద్దగా పని చేసినట్టు దాఖలాలు లేవు. ఇటువంటి ఊరిలో కూర్చుని మా ఆవిడ గత నాలుగేళ్లుగా బొంతలు కుడుతున్నది. కుట్టి ఊరుకుంటే అది మా ఇంటి అంతర్గత వ్యవహారంగా మిగిలేది. వాటిని పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, తొట్టెల ఫంక్షన్లకు పంచుతున్నందువల్ల విషయం ప్రజా ప్రయోజనం పరిధిలోకి వచ్చేసింది. ముప్పై మూడేళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల గుమాస్తాగా ఉండి, అభ్యంతరం రాయకుండా ఒక్క బిల్లును కూడా ముందుకు పంపని చరిత్ర నాది. ఈ ఫైలును మాత్రం మా ఇంట్లో ఎవరూ ముట్టుకోనందున పాఠకుల ముందు పెడుతున్నాను.

మన సమాజంలో బహుమతి అనేది ఒకరికి ఇచ్చేది కాదు, ఒకరి గుండా పోయేది. గోడ గడియారం, వేంకటేశ్వరస్వామి పటం, ఆరు గ్లాసులూ ఒక జగ్గూ ఉన్న సెట్టు, ఎవరూ విప్పి చూడని డిన్నర్ సెట్టు, ఇవన్నీ రంగు కాగితం కూడా చిరగకుండా పెళ్లి నుంచి పెళ్లికి ప్రయాణిస్తూ ఉంటాయి. నేను మిర్యాలగూడలో ఒక పెళ్లికి ఇచ్చిన గోడ గడియారం ఏడేళ్ల తర్వాత మా గృహప్రవేశానికి తిరిగి వచ్చింది. అడుగున నా చేతి రాతతో రాసిన మా పేర్లు అలాగే ఉన్నాయి. నేను నొచ్చుకోలేదు. అంత దూరం తిరిగి, అన్ని ఇళ్లు చూసి, క్షేమంగా ఇల్లు చేరిన వస్తువును చూస్తే ఎవరికైనా సంతోషమే కలుగుతుంది. వ్యవస్థ పనిచేస్తున్నదనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

బొంత ఈ వ్యవస్థకు అడ్డం పడుతున్నది. దాన్ని మరొకరికి అంటగట్టడం సాధ్యం కాదు, ఎందుకంటే అందులో అందరి బట్టలూ ఉంటాయి. విప్పిన మరుక్షణం ఎవరో ఒకరు వచ్చి "గిది మా అత్త సీమంతం చీర గదా, మీ ఇంటికెట్ల వచ్చింది?" అని నిలదీస్తారు. సాక్ష్యం వస్తువులోనే కుట్టేసి ఉన్న బహుమతి ఇదొక్కటే.

తయారీ విధానాన్ని కూడా పరిశీలించాను. ముందు హాలులో ఉన్న కుర్చీలన్నీ వరండాలోకి బహిష్కరణకు గురవుతాయి. పాత నూలు చీర ఒకటి నేల మీద పరిచి, ముడతలు పడకుండా నాలుగు మూలలా బరువులు పెడతారు. మా ఇంట్లో ఆ నాలుగు బరువులు ఒక రోలు, రెండు ఇటుకలు, నేను. దాని మీద మరో రెండు మూడు మెత్తబడిన చీరలు పరుస్తారు. బాగా ఉతికి ఉతికి జీవం పోయిన నూలు చీరే లోపలికి మంచిదట. కొత్త గుడ్డ గంజితో బిర్రుగా ఉండి సూదిని దిగనివ్వదు. ఆ పైన రంగురంగుల ముక్కలు వరుసగా పేర్చి, మందపు దారంతో అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. ఈ ముక్కల సేకరణ ఏ నిబంధనల ప్రకారం జరుగుతున్నదో నాకు ఇంతవరకు తెలియపరచలేదు. నా లేత నీలం చొక్కా ఒకటి, జేబు అంచున సిరా మరక ఉన్నది, దండెం మీది నుంచి మాయమైంది. విచారణ పెండింగులో ఉంది.

ఒక బొంతను నేను స్వయంగా టేపుతో కొలిచాను. పొడవు ఏడు అడుగులు, వెడల్పు అయిదు అడుగులు. వరుసకు వరుసకు మధ్య ఒక వేలి వెడల్పు సందు, కుట్టుకు కుట్టుకు మధ్య ఒక సెంటీమీటరు. ఆ లెక్కన ఒక్క బొంతలో సుమారు 16 వేల పోట్లు ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం రెండు గంటల చొప్పున నలభై రోజులు, అంటే 80 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు పది. 2025-26 సంవత్సరానికి తెలంగాణలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలుగా ఖరారు చేశారు కనుక, ఒక బొంత కూలీ 3,070 రూపాయలు. ఈ లెక్కను తెల్ల కాగితం మీద రాసి, కింద గీత గీసి, సంతకం చేసి మా ఆవిడకు సమర్పించాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, దారం చుట్టుకోవడానికి వాడుకున్నది.

అసలు చిక్కు పెళ్లిలో కట్నాలు రాసే నోటుబుక్కు దగ్గర మొదలవుతుంది. ఎవరు ఎంత చదివించారో ఆ పుస్తకంలో ఉంటుంది, రేపు వాళ్ల ఇంట్లో శుభకార్యం జరిగితే అంతకు ఒక్క రూపాయి తగ్గకుండా తిరిగి పెట్టాలి. గ్రామీణ ప్రాంతాల్లో బ్యాంకులు రాకముందు నుంచీ నడుస్తున్న, ఎగవేతలు దాదాపుగా లేని పరపతి వ్యవస్థ ఇది. దేవరకొండలో ఒక పెళ్లిలో ఆ పుస్తకం రాస్తున్న కుర్రవాడి ముందు మా ఆవిడ బొంత పెట్టింది. అతడు బొంత వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు, వెనక ఉన్న వరుస వైపు చూశాడు. చివరకు పేరుకు ఎదురుగా "రగ్గు 1" అని రాసి, అంకె వేయవలసిన చోట ఒక గీత గీశాడు. నలభై రోజుల కష్టానికి దక్కిన ఆ గీత చూసి మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. అయితే ఆ కుర్రవాడి తప్పు నాకు కనబడలేదు. బొంతకు బొంత తిరిగి పెట్టే స్తోమత ఈ రోజుల్లో ఎవరికుంది?

పన్నుల కోణం కూడా చూడవలసి వచ్చింది. ఆదాయపు పన్ను చట్టం బంధువులు ఇచ్చిన బహుమతులకు మినహాయింపు ఇస్తుంది. కానీ ఆ చట్టం ఇచ్చిన బంధువుల జాబితాలో పెదనాన్న కొడుకు లేడు; మనకు సొంత అన్నతో సమానమైనవాడు చట్టం దృష్టిలో పరాయివాడు. అటువంటి పరాయివాళ్ల నుంచి ఒక సంవత్సరంలో యాభై వేల రూపాయలకు మించి విలువైన వస్తువులు వస్తే పన్ను పడవచ్చు. భయపడనక్కర లేదు, అన్ని వస్తువులకూ కాదు. నగలు, షేర్లు, చిత్రలేఖనాలు, శిల్పాలు, కళాఖండాలు వంటి కొన్నింటికే. బొంత ఆ జాబితాలో లేదు. అందుచేత బొంత అందుకున్న ప్రతివారికీ నా విజ్ఞప్తి ఒక్కటే: దాన్ని పదిమందిలో కళాఖండం అని పొగడవద్దు. ఆ మాట ఏ అధికారి చెవిన పడినా ప్రమాదం.

ఇక పత్రికల వారి సంగతి. రెండు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసిన మరునాడే "అతుకుల బొంత" అని శీర్షిక పెడతారు. బొంత అతుకు మీద కూర్చుని నాలుగేళ్లుగా గమనిస్తున్నవాడిగా దీన్ని ఖండిస్తున్నాను. 16 వేల పోట్లు పడిన సంకీర్ణం ఈ దేశంలో ఇంతవరకు ఏర్పడలేదు. పైగా అతుకు అనగానే చులకన ఎందుకో కూడా అర్థం కాదు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగుకు పోగు కలుపుతారు. దాన్ని ఎవరైనా అతుకుల చీర అన్నారా? అది పెళ్లికూతురు కట్టుకుంటే సంప్రదాయం, ముప్పై ఏళ్ల తర్వాత చిరిగి బొంతలోకి వస్తే అతుకు.

మా ఆవిడ పుట్టిల్లు పాలమూరు వైపు. 2016 దసరా నాడు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను నాలుగు ముక్కలు చేశారు. 2019లో నారాయణపేటను విడదీయడంతో అవి అయిదయ్యాయి. మా నల్లగొండను మూడు చేశారు, పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి వాటాకు పోయాయి. మా ఇంటి హాలులో మాత్రం ఈ ఉత్తర్వులు అమలు కాలేదు. నారాయణపేట గళ్ల చీర ముక్క పక్కన గద్వాల కొంగు, దాని పక్కన పోచంపల్లి చిటికీ అద్దకం, అన్నీ ఒకే దారం మీద ఉన్నాయి. పుట్టపాక తేలియా రుమాలు ముక్క ఒకటి ఎవరో ఇస్తే దాన్ని కూడా కలిపింది. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టిన నూలు కనుక, ఎన్ని ఉతుకులు ఉతికినా ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన వస్తుంది. జిల్లాల పునర్విభజనకు వ్యతిరేకంగా ఇంత మౌనంగా నడిచిన ఉద్యమం మరొకటి లేదని నా అభిప్రాయం. ఈ ఐక్యతకు ఎదురు తిరిగినవి 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు మాత్రమే. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన ఆ పాలిస్టరు, పక్క ముక్క మీద నిలవక జారిపోతుంది. పట్టి కుడితే ముడుచుకుంటుంది. మా ఆవిడ రెండు ప్రయత్నించి, మూడోది కిటికీకి తెర వేసింది.

ఇంత శ్రమపడి ఇచ్చిన బొంతను కప్పుకున్నవాళ్లు ఎందరు అని విచారిస్తే, నా అభ్యంతరంలోని ముఖ్యాంశం బయటపడుతుంది. ఇంతవరకు పదకొండు వెళ్లాయి. నాగర్‌కర్నూలు మరదలు దాన్ని గుండెకు హత్తుకుని, "గింత మంచిది కప్పుకుంటే ఖరాబైతదక్కా, దాచిపెడ్త" అన్నది. "కప్పుకునేటందుకే కుట్టిన గదనే" అని మా ఆవిడ అన్నా వినలేదు. అమెరికాలో ఉన్న మా అన్న కూతురు ఇంకో అడుగు ముందుకు వేసింది. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లెలోని నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో బొంతలు కుట్టేవారట. చలికి కప్పుకోవడానికి కుట్టినవాటిని 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో తపాలా బిళ్లల మీద కూడా వేశారు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ అమ్మాయి మా బొంతను హాలు గోడకు మేకులు కొట్టి తగిలించి, కింద సోఫాలో దుకాణంలో కొన్న కంబళి కప్పుకుని కూర్చుంటున్నది. వీడియో కాల్‌లో మాకు రెండూ కనిపిస్తాయి.

పదకొండింటిలో సక్రమంగా వినియోగంలో ఉన్నది ఒక్కటే. అది వనపర్తిలో ఎనిమిది నెలల పసివాడికి కుట్టిన చిన్న బొంత. దాని విలువ వాడికి ఎవరూ చెప్పనందువల్ల వాడు దాని మీద పడుకుంటున్నాడు, నములుతున్నాడు, రోజుకు నాలుగుసార్లు తడుపుతున్నాడు. ఆ సమాచారం అందినప్పుడు మా ఆవిడ ముఖంలో కనబడిన సంతోషం నా పదవీ విరమణ సభలో కూడా కనబడలేదు.

మొన్న పని మీద కోదాడ వెళ్లి, మా వియ్యంకుడి ఇంట్లో రాత్రి ఉండవలసి వచ్చింది. చలి ఓ మోస్తరుగా ఉంది. కప్పుకోవడానికి పులి బొమ్మ ఉన్న మెత్తటి రగ్గు ఇచ్చారు. అది ఒంటి మీద నిలవక తెల్లవార్లూ జారుతూనే ఉంది. పొద్దున చాయ్ తాగుతూ, మేమిచ్చిన బొంత ఎట్లా ఉందని యథాలాపంగా అడిగాను. "ఎట్లుంటది బావగారూ, ఇచ్చిన కాడికి అట్లనే ఉన్నది" అని ఆయన గర్వంగా స్టూలెక్కి, బీరువా మీది నుంచి పాలిథిన్ సంచి దించి, ముడి విప్పి మంచం మీద పరిచారు. నారాయణపేట గళ్లకు, ఎవరిదో పసుపు రవిక ముక్కకు మధ్య నా లేత నీలం చొక్కా ఉంది. జేబును కుట్టేయకుండా మా ఆవిడ తెరిచే ఉంచింది. అంచున సిరా మరక అలాగే ఉంది. అలవాటు కొద్దీ వేలు పెట్టి చూశాను. లోపల ఒక కలరా ఉండ ఉంది.