రక్తానికి 35 రోజులు, అర్జీకి?

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కమ్యూనికేషన్ స్కిల్స్‌కు ఒక ల్యాబ్ ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరో తెల్లదొర లండన్‌లో రైలు టికెట్ కొనుక్కోవడం విని ఖాళీలు పూరించాలి. ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడాలని కూడా అక్కడే నేర్పుతారు. మా బ్యాచ్‌లో ఒకడు ఆ విద్యను హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గదిలో ప్రయోగించాడు. ఇంటర్నల్ మార్కులు వచ్చాక కళ్లు వాటంతటవే కిందికి దిగాయి.

అసలు విద్య నాకు రెండో సంవత్సరంలో అబ్బింది. మా ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విభాగం రక్తదాన శిబిరం పెట్టాలనుకుంది. దాతకు 18 ఏళ్లు నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఇవన్నీ మా దగ్గర పుష్కలంగా ఉన్నాయి. లేనిదల్లా సెమినార్ హాలు తాళంచెవి. దానికి అర్జీ పెట్టాలన్నారు. ఎన్‌ఎస్‌ఎస్ 1969లో, గాంధీజీ శతజయంతి ఏట పుట్టింది. దాని నినాదం 'నేను కాదు, మీరు'. అర్జీ పట్టుకుని ఎవరు తిరగాలన్న ప్రశ్న రాగానే మా వాలంటీర్లకు ఆ నినాదం ఎంతగా వంటబట్టిందో తేలిపోయింది.

నా మొదటి అర్జీలో రెండే వాక్యాలు: శుక్రవారం ఉదయం పదింటికి హాలు కావాలి, సాయంత్రం నాలుగింటికి అప్పగిస్తాం. ప్రోగ్రాం ఆఫీసరు చదివి జాలిపడ్డారు. "ఇంత సూటిగా అడిగితే ఎవరిస్తారు నాయనా?" అన్నారు. రెండో అర్జీ పేజీన్నర వచ్చింది. మహాత్ముడు, యువశక్తి, కళాశాల కీర్తిప్రతిష్ఠలు అన్నీ వరసగా కొలువుతీరాక, హాలు అనే మాట చివరి పేరాలో బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిలా తలుపు దగ్గర నిలబడింది.

తర్వాత బల్లబల్లకూ ఒక సంతకం. హాలు పక్క విభాగం వారిది కాబట్టి అక్కడా ఒకటి. ప్రతి సంతకం పైనా 'ఫార్వర్డెడ్' అని రాస్తారు. దాని భావం అవునని కాదు, కాదనీ కాదు. రేపు ఏదైనా జరిగితే తమకు సంబంధం లేదని. 'చూద్దాం' అంటే చూడరు. 'కనుక్కుని చెప్తాను' అంటే మళ్లీ రావద్దు. 'సోమవారం కనపడు' అన్నది కాస్త లోతైన ప్రయోగం. ఏ సోమవారం అని అడగడం మర్యాద కాదు.

సేకరించిన రక్తాన్ని శీతల పెట్టెలో భద్రంగా ఉంచినా మామూలుగా 35 రోజులకు మించి వాడరు. అర్జీకి ఏ పెట్టె అక్కర్లేదు. ఫైలు అడుగున, గది వేడిలోనే ఎన్నాళ్లైనా చెడకుండా ఉంటుంది. మాది 41వ రోజున కూడా నవనవలాడుతోంది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఢిల్లీ ప్రభుత్వమైనా 30 రోజుల్లో జవాబివ్వాలి. మా హాలు అంతకన్నా పెద్ద రాజ్యరహస్యం.

ఈలోగా వాట్సాప్ గ్రూపులో 'శిబిరానికి ఎవరెవరు వస్తారు?' అని అడిగాను. నీలం టిక్కులు దండిగా వచ్చాయి, జవాబులు ఆరు. అదే సాయంత్రం ఎవరిదో పుట్టినరోజని తెలిసి కేకు బొమ్మలతో ఫోను వేడెక్కింది.

చివరికి గట్టెక్కించింది ప్రిన్సిపాల్ గది ముందు స్టూలు మీద కూర్చునే అటెండర్. "సారు రక్తపరీక్ష రిపోర్టు ఇందాకే వచ్చింది బాబూ. షుగర్ తగ్గిందట. ఇప్పుడే వెళ్లండి" అన్నాడు. వెళ్లాను. ఆ పేజీన్నరలో ఒక్క అక్షరం చదవకుండా సారు సంతకం పెట్టారు. బయటికొచ్చి తాళంచెవి ఎవరిస్తారని అడిగితే, అటెండర్ తన జేబులోంచి గుత్తి తీశాడు.

"ముందే చెప్పొచ్చు కదా అన్నా!"

"మీరు అడిగింది సంతకం కదా బాబూ."

సిలబస్ రాసే పెద్దలకు సవినయంగా మనవి: ల్యాబ్‌లోంచి ఆ లండన్ రైలును పంపించేసి, ఒక మూసిన తలుపు, దాని ముందు ఒక స్టూలు వేయించండి. నేనైతే ఈ 41 రోజులను రెజ్యూమేలో 'బహుళ విభాగాల మధ్య సమన్వయ అనుభవం' అని రాసుకున్నాను. దాన్ని చూసి మెచ్చి ఉద్యోగమిచ్చారు. చేరిన రోజు ఐడీ కార్డు అడిగితే, సోమవారం కనపడమన్నారు.