లాప్‌టాప్ మాది, పెత్తనం మీదా?

ఒళ్లు మండిపోతోంది. పిల్లలంతా ఇంటి నుంచే లాప్‌టాప్ తెచ్చుకోవాలని మా అమ్మాయి స్కూల్లో నియమం. పొద్దున బ్యాగులో పెట్టి పంపిన లాప్‌టాప్‌ని సాయంత్రం మా అమ్మాయి తిరిగి తెచ్చింది, మూత మీద ఓ కాగితం అంటించి ఉంది. "మినిమమ్ స్పెసిఫికేషన్లకు సరిపోదు. సోమవారంలోగా మార్చగలరు." మార్చగలరు అట! చొక్కా సైజు సరిపోకపోతే షాపుకెళ్లి మార్చుకొచ్చినంత తేలిగ్గా రాసేశారు.

ఇంతకీ దానికొచ్చిన రోగమేంటి? ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కూడా ఉంది. వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి, బ్రౌజర్ బాగానే నడుస్తుంది, పైథాన్ ప్రోగ్రాములు రన్ అవుతాయి. తొమ్మిదో తరగతి పిల్లకి ఇంకేం కావాలి? కానీ దానికి విండోస్ 11 ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్‌లో అయితే ఒకటీ అరా తప్ప ఎనిమిదో తరం నుంచి పై ప్రాసెసర్లే కావాలి అని మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది కాబట్టి స్కూల్ నెట్‌వర్క్‌లోకి రానివ్వరట. సెక్యూరిటీ ముఖ్యమే, కాదనను. కానీ ఆ తేదీ రాత్రికి రాత్రి వచ్చి పడలేదే! ఏళ్ల ముందే అందరికీ తెలుసు. మరి అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన కాగితంలో "ఇంట్లో ఉన్న ఏ లాప్‌టాప్ అయినా పర్వాలేదు" అని ఎందుకు రాశారు? పోనీ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి పంపిస్తాం అంటే వాళ్ల పరీక్షల సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదట. అంటే నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాన్ని అటకెక్కించి కొత్తది కొనాలి. ఇదే స్కూలు మా పిల్ల చేత ఈ-వేస్ట్ మీద చార్టు వేయించింది. ఆ చార్టు ఇంకా మా ఇంట్లోనే ఉంది.

నాకు తెలిసిన న్యాయం ఒక్కటే. పాఠానికి లాప్‌టాప్ తప్పనిసరి అయితే స్కూలే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే అది లేకపోయినా జరిగేలా పాఠం చెప్పాలి. తప్పనిసరి అని మీరు అంటారు, కొనేది మేము, పాడైతే బాగు చేయించేది మేము, పోతే బాధ్యత మాది. ఏది కొనాలో, అందులో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో మాత్రం మీరు చెప్తారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా!

ఎవరూ ఇవ్వలేదా అంటే ఇచ్చారు. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రం 2002లోనే ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి పిల్లలకి లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉరుగ్వే 2007లో ప్లాన్ సెయిబాల్ అని మొదలుపెట్టి ప్రభుత్వ బడి పిల్లలందరికీ తలా ఒకటి చేతికిచ్చింది. ఉరుగ్వే అంటే ఎంత చిన్న దేశమో మ్యాప్‌లో చూడండి. "పెరూలో కూడా లక్షల్లో పంచారు, లెక్కల్లో, భాషలో మార్కులేం పెరగలేదని 2012లో అధ్యయనం వచ్చింది కదా" అని ఎవరైనా అంటారు. అనండి, నేనూ అదే అంటున్నా. యంత్రం చేతిలో పెట్టేస్తే చదువు వచ్చేయదు. టీచర్లకి శిక్షణ ఉండాలి, పాడైతే చూసే మనిషి ఉండాలి. ఉచితంగా ఇచ్చిన చోటే అవి లేక ఫలితం రాకపోతే, ఇంటి నుంచి తెచ్చుకోమన్న చోట ఎక్కడి నుంచి వస్తుంది?

క్లాసులో ఏం జరుగుతోందో వినండి. మా లాప్‌టాప్ బ్యాటరీ పాతది, చార్జర్ లేకుండా ఒక పీరియడ్ కూడా రాదు. ఆ గదిలో ప్లగ్ పాయింట్లు వెనక గోడకి మాత్రమే ఉన్నాయి. అందుకని ఇన్నాళ్లూ మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల ఇప్పుడు వెనక గోడ పక్కన కూర్చుంటోంది. అద్దాలున్న పిల్ల! బోర్డు సరిగ్గా కనపడక పక్కమ్మాయి నోట్సులోంచి ఎక్కించుకుంటోంది. ఆ అమ్మాయిదీ బ్యాటరీ బాధే. అంటే పాత లాప్‌టాప్‌ల వాళ్లంతా వెనక వరస, కొత్తవి కొనుక్కున్న వాళ్లంతా ముందు వరస. ఎవరింట్లో ఎంత ఉందో బెంచీలు చూసి చెప్పేయొచ్చు. పిల్లలు చెప్పేస్తున్నారు కూడా. మొన్న మా అమ్మాయి అంది: "అమ్మా, నాది ఆన్ అయ్యేలోపు మేడమ్ మూడో స్లైడ్‌కి వెళ్లిపోతారు. ఆగమని అడిగితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. అందుకే అడగట్లేదు." అందుకే అడగట్లేదు అన్న మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇది ఏ స్పెసిఫికేషన్ల కాగితంలో రాస్తారు?

టీచర్లని ఏమీ అనను. పాపం వాళ్లేం చేస్తారు? ఒకరిది విండోస్, ఒకరిది మ్యాక్, ఒకరిది క్రోమ్‌బుక్. ఒకరికి ఫైల్ తెరుచుకోదు, ఒకరికి వైఫై కలవదు, ఒకరి లాప్‌టాప్‌లో సరిగ్గా అప్పుడే అప్‌డేట్ మొదలవుతుంది. పీరియడ్‌లో నాలుగోవంతు దీనికే పోతుంది. సైన్సు చెప్పాల్సిన మేడమ్ వంగి వంగి అందరి స్క్రీన్లు చూస్తూ తిరుగుతున్నారట.

ఇక అసలు కడుపు మండే సంగతి. కొత్త లాప్‌టాప్ తెచ్చినా సరే, అందులో స్కూల్ ఇచ్చే మేనేజ్‌మెంట్ ప్రొఫైల్ (లాప్‌టాప్‌ని దూరం నుంచి అదుపు చేసే సెట్టింగులు) వేయాలట, వాళ్ల సర్టిఫికేట్ కూడా. వేయకపోతే వైఫై లేదు. సర్టిఫికేటే కదా అనుకుంటున్నారేమో. రూట్ సర్టిఫికేట్ అంటే వాళ్లిచ్చే గుర్తింపుని లాప్‌టాప్ నమ్మేలా చేసే ఫైల్. అది వేశాక ఆ నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపూ వాళ్ల ఫిల్టర్, అంటే వెబ్‌సైట్లని వడకట్టే సాఫ్ట్‌వేర్, తలచుకుంటే తాళం గుర్తున్న సైట్లలో చేసే పనిని కూడా విప్పి చూడగలదు. ప్రొఫైల్‌కి పూర్తి అధికారాలు ఇస్తే ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో చూడొచ్చు, దూరం నుంచే మొత్తం తుడిచేయొచ్చు. స్కూల్ సొంత లాప్‌టాప్ మీద ఇవన్నీ చేసుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇది సాయంత్రం నేను ఆఫీసు పని చేసుకునే లాప్‌టాప్! మా ఆయన బ్యాంకు పనులు, మా అత్తగారి మెడికల్ రిపోర్టులు, ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంటికి ఒకటే లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో వీళ్లు ఒక్కసారైనా ఆలోచించారా?

"స్కూల్ వాళ్లు అలా చేస్తారా అండీ" అని తల్లిదండ్రుల గ్రూపులో ఒకావిడ అన్నారు. 2010లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ స్కూల్ డిస్ట్రిక్ట్ మీద కేసు పడింది. పిల్లలకిచ్చిన లాప్‌టాప్‌ల వెబ్‌క్యామ్‌లని దూరం నుంచి ఆన్ చేసి, పిల్లలు ఇళ్లలో ఉండగా ఫొటోలు తీశారు. పోయిన లాప్‌టాప్‌లు వెతకడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్ అని చెప్పుకున్నారు. వేల ఫొటోలు బయటపడ్డాయి. చివరికి 6,10,000 డాలర్లకు రాజీ చేసుకున్నారు. అవి కనీసం స్కూల్ వస్తువులు. ఇక్కడ మా వస్తువు మీద అధికారం అడుగుతున్నారు. ఎవరి చేతిలో ఉంటుంది, ఏం చూస్తారు, ఎంతకాలం దాస్తారు అని అడిగితే "పాలసీ అండీ" అంటారు తప్ప ఆ పాలసీ కాగితం చూపించరు.

పాలసీ అంటే గుర్తొచ్చింది. ఈ స్కూల్లో నిన్నమొన్నటిదాకా చక్కటి కంప్యూటర్ ల్యాబ్ ఉండేది. అన్నీ ఒకే రకం డెస్క్‌టాప్‌లు, ఎవరు ఏ సీట్లో కూర్చున్నా ఒకటే స్క్రీన్, ఒకటే వేగం. ల్యాబ్ సార్ ఒకాయన ఉండేవారు. కీబోర్డు పనిచేయకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆయనే విప్పేవారు, విప్పేటప్పుడు పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని ఇదేంటి, అదేంటి అని చూపించేవారు. ర్యామ్ అంటే ఏంటో మా అమ్మాయి పుస్తకంలో చదవలేదు, ఆయన చేతిలో చూసింది. అలాంటి మనిషిని "ఇక అవసరం లేదు" అని పంపేశారు. ల్యాబ్ ఎత్తేసి అడ్మిషన్ ఆఫీసు పెట్టారు, సోఫాలు వేసి. ల్యాబ్ ఫీజు మాత్రం ఈ ఏడాది రసీదులో కూడా ఉంది! పోయిన ఏడాది మీటింగ్‌లో అడిగితే "మేనేజ్‌మెంట్ దృష్టికి తీసుకెళ్తాం" అన్నారు. ఇంతవరకు జవాబు లేదు. ఆ రోజు నా వెనక కూర్చున్న తల్లిదండ్రులు ఒక్కరు కూడా నోరు మెదపలేదు, అది నేను మర్చిపోను. అప్పుడే అందరం గట్టిగా అడిగి ఉంటే ఈ కాగితం మా ఇంటికి వచ్చేదా?

పిల్లలకి కంప్యూటర్ వద్దని నేననడం లేదు. రావాలి, బాగా రావాలి. మా అమ్మాయి రాసిన చిన్న ప్రోగ్రామ్ రన్ అయిన రోజు ఇల్లంతా ఎగిరింది, ఆ ఆనందం నాకు కావాలి. ఆ ల్యాబ్ తిరిగి తెరవండి. తెరవలేకపోతే ఫీజు వెనక్కి ఇచ్చి, లేనివాళ్లకి స్కూల్ లాప్‌టాప్‌లు పెట్టండి. ముందు అడ్మిషన్ అప్పుడు మీరే రాసిచ్చిన మాట నిలబెట్టుకోండి.

శనివారం మీటింగ్ ఉంది. రసీదు, అడ్మిషన్ కాగితం, ఇవాళ మూత మీద అంటించిన కాగితం మూడూ పట్టుకుని వెళ్తున్నా. ఆ స్కూల్ తల్లిదండ్రులు ఇది చదువుతుంటే మీ కాగితాలూ తీసుకుని రండి, ఈసారైనా నోరు తెరవండి. రాతపూర్వకంగా జవాబు చేతికి వచ్చేదాకా మా ఇంటి లాప్‌టాప్‌లో ఏ ప్రొఫైలూ వేయను, కొత్తదీ కొనను.