చెరువు చచ్చినా టీవీ పచ్చగానే ఉంది

రొయ్యల చెరువు గట్టు మీద 43 అంగుళాల టీవీ ఎందుకండీ అని అడిగే అజ్ఞానులు భీమవరం చుట్టుపక్కల ఇంకా మిగిలున్నారంటే అది మన డెల్టాకే తలవంపులు. ఆ అజ్ఞానుల్లో నేనొకణ్ణి. మా బావ చెరువు షెడ్డులో డ్యాష్‌బోర్డు, అంటే లెక్కలన్నీ గ్రాఫులుగా చూపించే తెర, వెలిసిన రోజున నోరు జారి అడిగేశాను. చెప్పులతో పెళ్ళి పీటల మీదకెక్కినవాణ్ణి చూసినట్టు చూశాడు. "డేటా బావా, డేటా" అన్నాడు.

ఆరంభోత్సవం మీరు చూడాల్సింది. టీవీకి మామిడి తోరణం కట్టారు, అంచులకి పసుపు రాసి బొట్లు పెట్టారు, కిందున్న రౌటర్‌కి కూడా ఓ బొట్టు (దేవుడు కాకపోయినా వాహనం కదా). పంతులుగారు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు స్విచ్‌బోర్డు మీద చిందకుండా ఒడుపుగా పక్కకి తిప్పారు. పూతరేకులు పంచారు. ఇంజినీరు బాబు మౌస్ నొక్కగానే 14 గ్రాఫులు ఒక్కసారి వెలిగాయి, అందరం చప్పట్లు కొట్టాం. మా అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని "ఇందులో రొయ్యలెక్కడున్నాయి నాయనా?" అంది. బాబు నీళ్ళు నమిలాడు. ఎందుకంటే ఆ 14లో 11 గ్రాఫులు షెడ్డులో కూర్చున్న కంప్యూటర్ గురించే. దాని సీపీయూ ఎంత కష్టపడుతోంది, మెమరీ ఎంత తినేసింది, డిస్కు ఎంత నిండింది. కంప్యూటర్ బాగోగులు చెప్పే నోడ్ ఎక్స్‌పోర్టర్ అనే ప్రోగ్రాం ఒకటి పెట్టి, నెట్‌లో రెడీమేడ్‌గా దొరికే గ్రాఫానా (గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్) డ్యాష్‌బోర్డు దింపుకుంటే అవన్నీ ఊరికే వచ్చేస్తాయి లెండి, బిల్లు మాత్రం ఊరికే రాదు. ఒక గడిలో 58 డిగ్రీలు కనిపిస్తే అత్తయ్య గుండె తరుక్కుపోయింది. "ఒళ్ళు కాలిపోతోందర్రా దీనికి, ఎవరైనా మజ్జిగ పట్టండి" అంది. మిగిలిన మూడే చెరువు తాలూకువి: ఆక్సిజన్, నీటి వేడి, జనరేటర్‌లో డీజిల్. డీజిల్ 92 శాతం దగ్గర కదలకుండా నిలబడింది. ఎలా కదులుతుంది? జనరేటర్ గదికి తాళం, తాళంచెవి బావ మొలతాడుకి.

ఈ అంకెలన్నీ సేకరించి దాచిపెట్టేది ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్. 2012లో సౌండ్‌క్లౌడ్ అనే పాటల కంపెనీలో ఇంజినీర్లు మొదలుపెట్టింది, మంచి సరుకే, దాన్ని నేనేమీ అనను. మీటర్లు వచ్చి చెప్పేదాకా అది ఆగదు, తనే గడప గడపకీ వెళ్ళి అడుగుతుంది, బావ దగ్గరైతే 15 సెకన్లకోసారి. మన వైపు పెళ్ళిళ్ళలో కూడా "భోంచేశారాండీ" అని అన్నిసార్లు అడగరు. ఎవరైనా పలక్కపోతే 'అప్' అనే ఖాతాలో సున్నా వేసుకుంటుంది. ఆ సున్నా పడితే మోగు అని ఒక్క రూలు రాయాలి. రాయలేదు. 'ఆక్సిజన్ 4 కంటే తగ్గితే మోగు' అని మాత్రం రాశారు. అంకె తగ్గితే మోగుతుంది సరే, అసలు అంకే రాకపోతే?

ఓ రాత్రి 2:05కి కరెంటు పోయింది. తెల్లవారుజాముకి చెరువులో ఆక్సిజన్ అసలే అడుగంటుతుంది, పగలంతా నీళ్ళలో నాచు చేసిపెట్టింది రాత్రి రొయ్యలూ ఆ నాచూ కలిసే పీల్చేస్తాయి. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరగాల్సింది అప్పుడే. షెడ్డులో కంప్యూటర్‌కీ టీవీకీ రౌటర్‌కీ యూపీఎస్ ఉంది. గట్టు మీది ఆక్సిజన్ మీటర్ పెట్టెకి లేదు. మీటర్ మూగబోయింది, టీవీలో అంకె మాత్రం 5.1, పచ్చగా. చివరిసారి వచ్చిన అంకెనే పట్టుకుని చూపించడం ఆ గడికి అలవాటు. మార్చుకోవచ్చు, ఎవరూ మార్చలేదు.

కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, కరెంటు పోయిందండీ, ఏరేటర్లు ఆగిపోయాయండీ, తాళంచెవి మీ దగ్గరుందండీ." బావ పక్కలోంచే ఫోన్‌లో డ్యాష్‌బోర్డు తెరిచాడు. "5.1 ఉంది కదరా. పడుకో." ఇంకాసేపటికి మళ్ళీ చేశాడు. "రొయ్య తేలుతోందండీ, టార్చి వేస్తే నీళ్ళ పైనంతా కళ్ళు మెరుస్తున్నాయండీ." బావ ఏమన్నాడో తెలుసా? "నీ టార్చి నమ్మనా, నేను లక్షలు పోసి పెట్టింది నమ్మనా?"

4:20కి కరెంటు వచ్చింది. మీటర్ లేచి 1.4 అంది. ఊరికే కంగారు పెట్టకూడదని రూలుకి 5 నిమిషాల ఆగుడు పెట్టారు కాబట్టి సరిగ్గా 4:25కి అందరి ఫోన్లూ మోగాయి. అలారం పనిచేసిందన్న సంగతి ఇంజినీరు బాబు తర్వాత రెండుసార్లు గుర్తుచేశాడు.

తెల్లారేసరికి గట్టు వెంట తెల్లగా రొయ్య. పంచాయితీ షెడ్డులోనే, టీవీ ముందే. గీత మధ్యలో తెగితే చూడ్డానికి బాగోదని బావ మొదట్లోనే ఖాళీలన్నీ కలిపించేశాడు. దాంతో 5.1 నుంచి 1.4 దాకా జారుడుబల్లలా నున్నటి గీత. "చూడండి సార్, నెమ్మదిగా తగ్గింది. మనిషి గమనించి ఉండాల్సింది" అన్నాడు బాబు. కుర్రాడి జీతంలో నెలకి 3 వేలు కోత.

సిగ్గుండాలి మనకి! ఆ రెండుంబావు గంటల్లో ఒక్క అంకె కూడా లేదు, ఉన్నది ఆ కుర్రాడొక్కడే. గమనించాడు, రెండుసార్లు చెప్పాడు, చీకట్లో మోకాల్లోతు నీళ్ళలో దిగి చేతులతో నీళ్ళు చిమ్మాడు వాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. మూడంటే మూడు అంకెలు, ఏ అంకెకి గేదెల్ని విప్పాలో లంకల్లో అక్షరం రాని ముసలమ్మ కూడా చెప్తుంది. ఇక్కడ 14 గ్రాఫులు పెట్టుకుని తాళంచెవి ఇవ్వలేకపోయారు.

మూడు వారాలాగి, బావ కోపం చల్లారాక, ఆ గీత మధ్యలో చుక్కలే లేవని చూపిద్దామని వెళ్ళాను. గ్రాఫు లేదు. ఎవరూ ముట్టుకోకపోతే ప్రొమీథియస్ 15 రోజులే దాస్తుంది. పంటేమో నాలుగు నెలలది. కుర్రాడి పగిలిన ఫోన్‌లో మాత్రం ఆ రెండు కాల్స్ ఇంకా ఉన్నాయి, 2:11, 3:02. బావకి చూపించబోతే అటు తిరిగి బాబుతో మాట్లాడుతున్నాడు. పదిహేనో గ్రాఫు పెట్టిస్తున్నాడట. కాపలావాడు రాత్రికి ఎన్నిసార్లు గట్టు తిరిగాడో లెక్కేసేది.

అది మాత్రం పలక్కపోతే మోగుతుందట.