తెల్లారేసరికి రోడ్డు సిద్ధం

రాత్రిపూట రోడ్లు వేసే కార్మికుల గురించి ఒకరు వివరంగా రాసింది చదివి చాలా సంతోషమేసింది. వాళ్ల పని బాగున్నంత కాలం ఎవరి కంటా పడదు, అదే బాధ.

వేడి తారు మిశ్రమాన్ని సుమారు 150 డిగ్రీల దగ్గర పరుస్తారు. అది చల్లారేలోపే రోలర్ తిరగాలి. ఆలస్యమైతే సరిగా అణగదు, లోపల ఖాళీలు మిగిలి, వాన నీళ్లు దిగి గుంతలు పడతాయి. కాబట్టి మధ్యలో కాసేపు కూర్చుందామన్నా కుదరదు. ఒకసారి ట్రాఫిక్ ఆపినప్పుడు దగ్గర్నుంచి చూశాను. ఒకాయన బూట్లకి తారు అట్టలు కట్టి ఉంది. మిషన్ అందని జానెడు అంచుని వంగి పారతో సర్దుతున్నాడు, ఆ ఆవిరి మొహానికి కొడుతుండగా. వెనకాల మా హారన్లు! చాలా సిగ్గేసింది.

కాంక్రీటు పనికి ఇంకా ఓపిక కావాలి. పోశాక కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడాలి, బలాన్ని మామూలుగా 28 రోజులకు లెక్కగడతారు. అన్ని రోజులూ నీళ్లు పట్టిన మనిషి ఎవరికి గుర్తుంటాడు?

పని జరిగేచోట దయచేసి బండి స్లో చేయండి. చాలాచోట్ల వాళ్లకీ మన బండికీ మధ్య ఉండేది ఒక ప్లాస్టిక్ కోనే.